ఆగిన చోట వణికే బండి

ఈ మాసము కుట్టుమిషను సంరక్షణ గూర్చి వ్రాయుదుమని పోయిన నెల మాట ఇచ్చియున్నాము. ఆ మాటను ఒక నెల వాయిదా వేసుకొనుటకు సెలవు ఇవ్వండి. మధ్యలో ఒక పికప్ బండి అడ్డము వచ్చింది. దాని వెనుక ఒక బంగారు గొలుసు, ఒక జామీను సంతకము కూడ వచ్చినవి.

మదనపల్లె టమోటా మార్కెట్టుకు చుట్టుప్రక్కల ఊళ్ల నుండి క్రేట్లు తోలుకొని బ్రతికే కుటుంబము ఒకటి మాకు బాగుగా తెలిసినది. వారిది 2007 మోడల్ మహీంద్రా పికప్. నాలుగు సిలిండర్ల 2523 సి.సి. డీజిల్ ఇంజన్, కంప్యూటరు లేని పాత పద్ధతి పంపు. ఒకనాటి సాయంత్రము ఆ ఇంటి యజమాని, అతని భార్య మా యింటికి వచ్చారు. కాఫీ త్రాగేదాక ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత అతడు జేబులోనుండి ఒక ఫైనాన్స్ కాగితము తీసి, "అయ్యగారూ, దీని మీద మీ జామీను సంతకము కావల్ల" అన్నాడు.

"దేనికి నాయనా?"

"బండి ఇంజన్ పోయింది అయ్యగారూ. బోరు పని చేయాలంట. డెబ్బై వేలు అవుతాదంట. ఈమె గొలుసు కుదువ పెట్టినాము. నలభై వచ్చింది. మెకానిక్కుకు ఐదు వేలు అడ్వాన్సు ఇచ్చేసినాము."

"బోరు పోయిందని ఏమి చూసి చెప్పినాడు?"

"స్టార్టు చేసి విన్నాడు. బండి ఊగేది చూసినాడు. బోరు అన్నాడు."

అప్పుడు ఆమె కలుగజేసికొని, "మార్కెట్టు కాడ లైన్లో నిలబడితే సీటు మీద పెట్టిన స్టీలు గ్లాసు ఎగిరి కింద పడతాది అయ్యగారూ. అట్ల ఊగుతాది" అన్నది.

"రోడ్డు మీద పోయేటప్పుడో?"

"పోయేటప్పుడు ఏమీ లేదు. లోడు వేసినా ఎత్తు కూడా ఎక్కుతాది. నిలబడితేనే రోగము."

ఈ చివరి మాట విన్నప్పుడు మేము కలము క్రింద పెట్టాము. సంతకము చేయము అని కాదు, రేపు ఉదయము బండిని చూచిన తరువాత చేస్తామని చెప్పాము. వెళ్లేటప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పి పంపాము: "మేము వచ్చేదాక బండి స్టార్టు చేయవద్దు." రాత్రంతా చల్లబడిన ఇంజను మొదటి నిమిషములో చెప్పే సంగతులు మరి ఏ వేళనూ చెప్పదు. డాక్టరు దగ్గరకు జ్వరము తగ్గిన తరువాత పోతే ఏమి తెలుస్తుంది?

నిలిచినప్పుడు మాత్రమే వణికే బండిని గూర్చి మన వారు "మిస్సింగ్ కొడుతోంది" అంటారు. పెద్ద పని చేసేటప్పుడు రాని రోగము ఊరక నిలిచినప్పుడు ఎందుకు వస్తుందో మొదట తెలిసికొంటే సగము భయము పోతుంది. ఆ ఇంజను నిలిచినప్పుడు నిమిషమునకు సుమారు 800 చుట్లు తిరుగుతుంది. రెండు చుట్లకు ఒకసారి చొప్పున ఒక్కొక్క సిలిండరు నిమిషమునకు 400 సార్లు మండుతుంది. నాలుగు కలిసి 1600 సార్లు. గంటకు ముప్పాతిక లీటరు డీజిలు ఖర్చగుననుకొందము. లెక్క వేసి చూడండి, ఒక్కొక్క మంటకు వచ్చేది చుక్కలో ఆరవ వంతు. చుక్క కూడ కాదు, చుక్కలో ఆరవ వంతు! అంత కొంచెములో ఒక గాలి బుడగ గాని, నలుసంత నీరు గాని చేరిన యెడల ఆ మంట లేనట్లే. లోడు మీద పోవునప్పుడు అదే సిలిండరుకు అనేక రెట్లు డీజిలు పడుతుంది గనుక ఆ బుడగ అందులో కలిసిపోతుంది. పైగా వేగముగా తిరిగే చక్రము ఒక దెబ్బ తప్పినా ఆగదు. నెమ్మదిగా తిరిగేటప్పుడే తప్పిన దెబ్బ మనిషికి తెలుస్తుంది.

బోరు, రింగులు నిజముగా అరిగిన బండి నిలిచినప్పుడు వణుకుటయే కాక, ఎత్తులో కూడ చేతులెత్తేస్తుంది. ఇంజన్ ఆయిలు తాగుతుంది. నీలపు పొగ వదులుతుంది. ఈ బండికి లోడు లాగే శక్తి ఉన్నది. ఆయిలు మార్చినప్పటి నుండి మరల మార్చేదాక పైన పోయవలసిన అవసరము పెద్దగా రాలేదని అతడే చెప్పాడు. అందుకే మేము సంతకము ఆపాము. అయినను మేము మెకానిక్కులము కాము. వేదాంత కళాశాలలో ఇంజన్ పాఠము ఎవరూ చెప్పలేదు, ముప్పది సంవత్సరములుగా పాత బండ్లు తోలుతూ దెబ్బలు తిని నేర్చుకొన్నది మాత్రమే ఉన్నది. అందుచేత లారీ షెడ్డులో జీవితమంతా గడిపి, ఇప్పుడు ఇంటి పట్టున ఉన్న ఒక పెద్ద మేస్త్రీని బ్రతిమాలి వెంట తీసికొనిపోయాము.

ఉదయము ఆరు గంటలు. మూడవ ప్రయత్నమునకు గాని బండి స్టార్టు కాలేదు. తెల్లని పొగ కమ్మింది. ఇంజను శబ్దము ఒక రీతిగా లేక పెరుగుతూ తగ్గుతూ, ఊపిరి ఆడని వాని వలె ఉన్నది. మేస్త్రీ ఏమీ ముట్టుకొనలేదు. బానెట్ ఎత్తి, చేతులు వెనుకకు కట్టుకొని ఐదు నిమిషములు చూచాడు. తరువాత ఆయిలు పోసే మూత తీయించాడు. రింగులు అరిగిన ఇంజనులో ఆ రంధ్రము నుండి పొగ బుస్సు బుస్సుమని కొడుతుంది. ఇక్కడ చిన్న ఆవిరి తప్ప ఏమీ లేదు. "ఏమప్పా, దీనికి బోరు పని అని ఎవురు చెప్పినారు? ముందు అగ్గువ పనులు చూద్దాము, పిరిము పనులు తరువాత" అన్నాడు. (అగ్గువ అంటే చవక, పిరిము అంటే ఖరీదు. కోస్తా జిల్లాల పాఠకులు మన్నించాలి, మేస్త్రీ మాట మార్చుటకు మనస్సు ఒప్పలేదు.)

మొదట చూచినవి ఇంజన్ మౌంటింగులు, అనగా ఇంజనును ఛాసిస్ మీద కూర్చోబెట్టే రబ్బరు దిమ్మెలు. ఇంజనే వణుకుతున్నదా, లేక ఇంజను వణుకును క్యాబిను మోస్తున్నదా అనేది ఇక్కడ తేలుతుంది. డీజిల్ ఇంజను ఎంత మంచిదైనా కొంత కదులుతుంది. ఆ కదలికను రబ్బరు మింగవలెను. రబ్బరు చీలిపోతే ఇనుము ఇనుమును తాకి, స్టీరింగు, సీటు, అద్దము అన్నీ దడదడలాడతాయి. ఈ బండికి గేరుబాక్సు క్రింద ఉన్న దిమ్మె రెండు ముక్కలైయున్నది. డ్రైవరు సీటు మీది గ్లాసు ఎందుకు ఎగురుచున్నదో సగము తెలిసింది.

ఇక్కడ మా సిగ్గు ఒకటి చెప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట మా పాత జీపు ఇట్లే వణికినప్పుడు మేము స్క్రూడ్రైవరు తీసికొని ఐడిలింగ్ స్క్రూను కొంచెము బిగించాము. ఇంజను వేగము పెరిగింది, వణుకు మాయమైంది. మా తెలివికి మేమే మురిసిపోయాము. రెండు నెలల తరువాత ఒక గేదె అడ్డము వచ్చినప్పుడు గట్టిగా బ్రేకు వేయగా, చీలిన మౌంటింగుల మీద నుండి ఇంజను ముందుకు జరిగి, ఫ్యాను రేడియేటరును కోసివేసింది. మూడు వందల రూపాయల రబ్బరును దాచిపెట్టినందుకు రేడియేటరు కొనవలసి వచ్చింది. స్క్రూ త్రిప్పుట చివరి పని, మొదటి పని కాదు. ఆనాటి నుండి మేము స్క్రూడ్రైవరును డిక్కీలో అడుగున పెట్టుచున్నాము.

మౌంటింగు తెప్పించి వేసేసరికి పదకొండు గంటలైంది. దడదడ తగ్గింది గాని మిస్సింగు అట్లే ఉన్నది. ఇక డీజిలు దారి. ఫిల్టరు క్రింది మర విప్పగా సీసాలోనికి మొదట డీజిలు కాదు, నీరు వచ్చింది, దాదాపు అర గ్లాసు. డీజిలుకంటె నీరు బరువు గనుక అడుగున చేరుతుంది. ఆ మర విప్పి నీరు వదలుట డ్రైవరు చేయదగిన పనియే, కాని తన బండికి అట్టి మర ఒకటి కలదని మన సహోదరునికి ఆనాటిదాక తెలియదు. నీరు ఎక్కడి నుండి వచ్చింది? రాత్రులు ట్యాంకు ఖాళీగా ఉంటే లోపలి గాలిలోని తేమ చల్లబడి నీరగుట ఒక కారణము. డ్రమ్ములో అమ్మే డీజిలు రెండవది. రోజు చివర బంకులో ట్యాంకు నింపి ఇంటికి వచ్చుట మంచిదని చెప్పితే, "రోజు చివర చేతిలో డబ్బు ఉండాల గదా అయ్యగారూ" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు.

కొత్త ఫిల్టరు వేసి, పైనున్న ఎయిర్ స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టి బుడగలు పోయేదాక గాలి తీశారు. బండి బాగుగా నడిచింది. అందరము సంతోషించాము. పది నిమిషముల తరువాత మరల అదే పెరుగుట, తగ్గుట.

మేస్త్రీ నవ్వాడు. తన సంచిలోనుండి జానెడు పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు తీశాడు. దానిని ఫిల్టరుకు, పంపునకు మధ్య అమర్చి స్టార్టు చేయగా, డీజిలుతో పాటు ఆవగింజలంత బుడగలు వరుసగా పోవుట మా కళ్లతో చూచాము. తరువాత అదే పైపును ట్యాంకు నుండి వచ్చే వైపున పెట్టి చూచాడు. అక్కడనూ బుడగలే. అనగా గాలి ఇంకా వెనుకనే ప్రవేశించుచున్నది. ఈ సంగతి చాలమందికి అంతుపట్టదు, "ఎక్కడా కారలేదు గదా, లీకు ఎట్లుండును?" అని అడుగుతారు. ట్యాంకు నుండి ఫీడ్ పంపుదాక డీజిలును ఎవరూ నెట్టరు, పంపు పీల్చుకొంటుంది. పీల్చే పైపునకు చిల్లి పడితే బయటికి డీజిలు కారదు, లోపలికి గాలి పోతుంది. రాత్రి బండి నిలిపినప్పుడు ఆ చిల్లి గుండా గాలి దూరి, పైపులోని డీజిలు ట్యాంకునకు వెనుదిరిగిపోతుంది. ఉదయము మూడు సార్లు సెల్ఫు కొట్టవలసి వచ్చింది అందుకే.

చిల్లి వెదుకుటకు ముందు మేస్త్రీ ఇంకొక పని చేశాడు. శుభ్రమైన క్యానులో రెండు లీటర్ల డీజిలు పోసి, ట్యాంకు పైపు విప్పి, ఫీడ్ పంపు ఆ క్యానులో నుండి పీల్చునట్లు పెట్టాడు. ఇంజను వేగములోని ఒడుదుడుకులు పూర్తిగా ఆగిపోయినవి. ఒక్క రూపాయి సామాను కొనకుండ తప్పు ట్యాంకు వైపు పైపులోనే ఉన్నదని రుజువైంది. అటు తరువాత బండి క్రిందకు దూరితే, ట్యాంకు ప్రక్కన రబ్బరు పైపు ఛాసిస్ అంచునకు రాసుకొని రాసుకొని గోటితో గీచినట్లు చీలియున్నది. క్లిప్పు తుప్పు పట్టి వదులైయున్నది. రెండు వందల ఎనభై రూపాయల పైపు, రెండు క్లిప్పులు.

ఇంతటితో కథ ముగిసిన యెడల బాగుండును. కాని ఇంజను వేగము నిలకడకు వచ్చిన తరువాత దాని వెనుక దాగియున్న రెండవ తప్పు బయటపడింది. నాలుగు దెబ్బలలో ఒకటి బలహీనముగా ఉన్నది. టక్, టక్, టుక్, టక్ అని. మన సహోదరుని ముఖము పాలిపోయింది. "చూసినారా అయ్యగారూ, బోరే" అన్నాడు.

ఇప్పుడు చెప్పబోవు పరీక్షను మేస్త్రీ చేశాడు. పాఠకులు స్వయముగా చేయవద్దు. ఇంజను నిలకడగా తిరుగుచుండగా ఒక్కొక్క నాజిల్‌కు వచ్చే ఇనుప పైపు నట్టును పానాతో అర చుట్టు వదులు చేయవలెను. అప్పుడు ఆ సిలిండరుకు డీజిలు అందదు. మంచి సిలిండరైతే ఇంజను వెంటనే కుంటుతుంది. కుంటకపోతే ఆ సిలిండరు అప్పటికే పని చేయుట లేదన్నమాట. ఒకటవది విప్పగా కుంటింది. రెండవది కుంటింది. మూడవది విప్పినా బిగించినా తేడా లేదు. నాలుగవది కుంటింది.

ఎందుకు చేయవద్దంటున్నామో వినండి. టైరులో మనము పెట్టే గాలి మూడు నాలుగు బార్లు. నాజిల్ తెరుచుకొనే పీడనము పాత ఇంజనులలోనే రెండు వందల బార్ల లెక్కలో ఉంటుంది. సన్నని ధారగా వచ్చే ఆ డీజిలు చర్మమును సూది వలె దూసికొని లోపలికి పోగలదు. పైన చిన్న చుక్క గాయము మాత్రమే కనబడుతుంది, నొప్పి కూడ మొదట అంతగా ఉండదు. లోపల కండ కుళ్లి వేలు, చెయ్యి పోగొట్టుకొన్నవారు కలరు. అట్లు జరిగిన యెడల పసుపు అద్ది కూర్చొనక గంటలలోపుగా పెద్ద ఆసుపత్రికి పోయి, డీజిలు పీడనముతో లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టముగా చెప్పవలెను. ఇక కామన్ రైలు అనే కొత్త పద్ధతి ఇంజనులలో పీడనము వెయ్యి బార్లు దాటుతుంది. వాటి పైపులను నడుస్తున్న ఇంజను మీద మేస్త్రీలు కూడ ముట్టరాదు. వాటికి కంప్యూటరు పరీక్షలు వేరుగా కలవు. మరియొక మాట. ఫ్యాను దగ్గర పంచె కొంగు, చీర చెంగు, మెడలో తువాలు పనికిరావు. బండి మూసిన షెడ్డులో నడుపరాదు.

మూడవ సిలిండరు బలహీనమైనదని తెలిసింది. అది నాజిల్ తప్పా, సిలిండరు తప్పా? ఇక్కడనే డెబ్బై వేలకును కొన్ని వందలకును మధ్య గీత ఉన్నది. పట్టణములోని మెకానిక్కు ఈ గీతదాక రాలేదు. మేస్త్రీ ఇంజను ఆపి, చల్లబడిన తరువాత మూడవ నాజిల్‌ను, ఒకటవ నాజిల్‌ను పెకలించి, ఒకదాని స్థానములో మరియొకటి పెట్టాడు. కొత్త రాగి వాషర్లు వేశాడు (పాత వాషరు మరల వేస్తే ప్రక్క నుండి గాలి పోవును). మరల నట్లు పరీక్ష చేశాడు. తప్పు సిలిండరులో ఉంటే మూడవదే మరల మౌనముగా ఉండవలెను. తప్పు నాజిల్‌లో ఉంటే అది ఒకటవ దానికి మారవలెను.

ఆ సమయములో ఆ యింటి వారందరు, ఇద్దరు పిల్లలతో సహా, బండి చుట్టు నిలుచున్నారు. ఎవరికి ఏమి అర్థమైందో తెలియదు గాని ఎవరూ మాట్లాడలేదు. మేస్త్రీ మూడవ నట్టు వదులు చేశాడు. ఇంజను కుంటింది. ఒకటవది వదులు చేశాడు. మార్పు లేదు.

"నాజిలప్పా. బోరు కాదు" అన్నాడు.

ఆమె చీర చెంగు నోటికి అడ్డము పెట్టుకొని ఇంటిలోనికి వెళ్లిపోయింది.

మరునాడు నాలుగు నాజిల్‌లనూ డీజిల్ పంపు షాపుకు పంపాము. అక్కడ టెస్టింగ్ మెషీను మీద కొట్టి చూపుతారు. మంచి నాజిల్ పొగమంచు వలె చిమ్మి, టక్కున ఆగుతుంది. ఆ చెడిన నాజిల్ పసిబిడ్డ నోటి వలె చొంగ కార్చుచున్నది. చిమ్మని డీజిలు మండదు. ఉదయపు తెల్లని పొగలో అధిక భాగము అట్లు మండక బయటపడిన డీజిలే. ఒక నాజిల్ మార్చి, మరియొక దానికి పీడనము సరిచేసి ఇచ్చారు. ఇంతలో మేస్త్రీ చల్లని ఇంజను మీద టాపెట్లు చూచి, వదులైన రెండింటిని ఫిల్లర్ గేజితో సరిచేశాడు. ఆ సందు ఎంత ఉండవలెనో ఇంజనును బట్టి మారుతుంది, బండితో వచ్చిన పుస్తకము చూడవలెను. కొందరు శబ్దము పోవాలని టాపెట్లను మరీ బిగిస్తారు. అప్పుడు వాల్వు పూర్తిగా మూసుకొనక, లేని రోగము తెచ్చిపెట్టినట్లగును. అన్నిటికంటె చివరను, అరగంట నడిచి వేడెక్కిన ఇంజను మీద, ఐడిలింగ్ స్క్రూను పావు చుట్టు త్రిప్పాడు.

గల్ఫులో డ్రైవర్లుగా ఉన్న మన పిల్లల తల్లిదండ్రులు ఈ పత్రికను అక్కడికి పంపుచుందురు గనుక ఒక్క మాట. కువైటు వంటి చోట్ల పాత పికప్‌లు చాల మట్టుకు పెట్రోలువి. వాటి కథ వేరు. పెట్రోలు ఇంజను నిలిచినప్పుడు గాలి వచ్చే ద్వారము దాదాపు మూసియుండి లోపల శూన్యము ఏర్పడుతుంది. ఆ శూన్యమునకు కలిపిన సన్నని రబ్బరు గొట్టములు ఎడారి వేడికి పగులుతాయి. లెక్కలో లేని గాలి లోపలికి పోయి, పెట్రోలు పాలు తగ్గి, బండి వణుకుతుంది. చెవి పెట్టి వినండి, ఈల వంటి శబ్దము వచ్చును. గొట్టములను ఒక్కొక్కటిగా నొక్కి చూడండి, దేనిని నొక్కగా ఇంజను మాట మారునో అక్కడ వెదకండి. అది దొరకని యెడల ప్లగ్గులు, ప్లగ్గు తీగెలు చూడండి. వేడి ఇంజను మీద పెట్రోలు చల్లి లీకు కనిపెట్టే వారు కలరు. అది మంటతో చెలగాటము, వద్దు.

ఇక లెక్క. మౌంటింగు, ఫిల్టరు, పైపు, క్లిప్పులు, వాషర్లు, నాజిల్ పని అన్నీ కలిపి నాలుగు వేల ఆరు వందల రూపాయలైనవి. మేస్త్రీ కూలి ఎంత అని అడిగితే మొదట వద్దన్నాడు. రెండు రోజుల కూలికి మన సహోదరుడు పదిహేను వందలు బలవంతముగా జేబులో పెట్టాడు. ఫైనాన్స్ కాగితము మా బల్ల సొరుగులో సంతకము లేకుండ నాలుగు రోజులు ఉండి, తిరిగి వెళ్లింది. గొలుసుకు కట్టిన వడ్డీ మాత్రము వెనుకకు రాదు.

అడ్వాన్సు సంగతి అంత సులభముగా తేలలేదు. పట్టణములోని మెకానిక్కు దగ్గరకు మేము కూడ వెళ్లాము. అతనిని మోసగాడని మేము అనము. రోజుకు పది బండ్లు చూచేవాడు, వరుసలో ఇంకా ఐదు నిలుచున్నవి, విని చెప్పుట అతనికి అలవాటైపోయింది. బోరు పని చేసినప్పుడు నాజిల్‌లు, ఫిల్టర్లు ఎట్లును మార్చుతారు గనుక బండి నిజముగానే బాగుపడి, బోరే తప్పని అతడును నమ్మియుండును. నాజిల్‌లు మార్చి చూచిన సంగతి చెప్పగా కొంతసేపు నేల చూచి, మూడు వేలు తిరిగి ఇచ్చాడు. రెండు వేలు అప్పటికే గ్యాస్కెట్ సెట్టుకు ఇచ్చేశానన్నాడు. ఆ సెట్టును తెచ్చి చూపించాడు కూడ. దానిని మేము తీసికొని వచ్చాము. అటక మీద ఉన్నది.

బండి ఇప్పుడు మార్కెట్టు వరుసలో నిలిచినప్పుడు ఇంజను ఆపుతున్నాడు, మరల స్టార్టు కాదేమోనను భయము లేదు గనుక. మునుపు రెండేసి గంటలు ఊరకనే నడిపేవాడట. ఆ లెక్కన రోజుకు లీటరున్నర డీజిలు ఆ భయమునకే పోయింది. అయితే చల్లని ఉదయములలో మొదటి నిమిషము కొంచెము తెల్లని పొగ ఇంకా వచ్చుచున్నది. మూడవ సిలిండరు మిగిలిన వాటికంటె కొద్దిగా బలహీనమై యుండవచ్చునని మేస్త్రీ అనుమానము. నాజిల్ రంధ్రములలో గేజి పెట్టి నాలుగింటి కంప్రెషన్ కొలిపించి, అంకెలు కాగితము మీద వ్రాసికొని రమ్మని అతనికి చెప్పియున్నాము. నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటే చింత లేదు. ఒకటి బాగా తగ్గితే అప్పుడు కూర్చొని మాట్లాడవచ్చును. టమోటా కోతలు అయిపోనీ అయ్యగారూ అంటున్నాడు.